బిందు కార్డు మీద ఆపరేషన్

జూలై 3, గురువారం

నా భార్య కనకం ఈ డైరీ నా ముందు పడేసి, "అరిసేదేదో ఇందులో అరవండి. ఇంట్లో అరిత్తే మట్టుకు నానూరుకోను" అంది. కంపెనీ వాళ్లు జనవరిలో ఇచ్చిన డైరీయే. ఆరు నెలలుగా కనకం దాని మీద కుక్కర్ దించుతోంది, అట్ట మీద గుండ్రటి మచ్చ పడింది. బీపీ డాక్టర్ కూడా కోపం వచ్చినప్పుడు రాసుకోమన్నాడట. రాస్తే తగ్గుతుందా? ఈ నాలుగు ముక్కలు రాసేసరికే పెరిగింది.

ఇవాళ్టికి చాలు.

జూలై 5, శనివారం

మా చెల్లెలి కూతురు సౌమ్యకి ఆపరేషన్ అయింది. పిల్ల బాగానే ఉంది.

పొద్దున్న తొమ్మిదింటికి అప్పలకొండ ఫోన్ చేసింది. నా చెల్లెలు మామూలు మాట కూడా ఏడుస్తూనే మాట్లాడుతుంది కాబట్టి మొదట పట్టించుకోలేదు. "అన్నియ్యా, పిల్లకి నిన్నట్నించి కడుపు నొప్పి. కుడేపు. సెయ్యేత్తే అరిసేత్తంది" అంది. నిన్నటి నుంచీ ఏం చేస్తున్నావే అంటే వాము నీళ్లు ఇస్తోందట. వాళ్లాయన నూకరాజు పవర్ హౌస్ మార్కెట్లో ఎండు చేపల కొట్టు తియ్యడానికి వెళ్లిపోయాడట. కూతురు ఇంట్లో మెలికలు తిరిగిపోతుంటే ఆ మనిషికి బేరాలు కావాలి.

నేను ఖుర్సీపార్ వెళ్లేసరికి పిల్ల మోకాళ్లు కడుపులోకి ముడుచుకుని పడుకుని ఉంది. సందు చివర డాక్టర్ చెయ్యి వేసి చూసి అపెండిక్స్ అన్నాడు, ఇవాళే తీయించాలన్నాడు. సర్కారు ఉచిత వైద్యం ఆయుష్మాన్ కార్డు తియ్యవే అంటే అందులో పిల్ల పేరు ఎక్కించలేదంది. మూడేళ్లుగా రేపు ఎక్కిస్తాను, ఎల్లుండి ఎక్కిస్తాను అంటున్నాడట నూకరాజు. ప్రైవేటుకి వెళ్లే స్థితి వాళ్లకి లేదు, నాకూ లేదు.

మా బిందు కార్డు ఉంది కదా అని నేనే అన్నాను. అప్పలకొండ అడగలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా అమ్మాయి బిందుప్రియకి పంతొమ్మిది, సౌమ్యకి పదిహేడు. కంపెనీ మెడికల్ కార్డు మీద ఉన్న ఫొటో బిందుకి ఆరేళ్లప్పటిది. రెండు జడలు వేసుకున్న ఏ ఆడపిల్లని చూపించినా ఈ పిల్లే అనిపించే ఫొటో. బిందు రాయపూర్‌లో హాస్టల్లో ఉంది, దానికిప్పుడు కార్డుతో పని లేదు.

ఇదేమీ దొంగతనం కాదు. మా దగ్గర కార్డు అడగడమంటే పక్కింట్లో పెరుగు తోడు అడగడం లాంటిదే. మా నాన్న కార్డు మీద ఎంతమంది కళ్ల ఆపరేషన్లు చేయించుకున్నారో! రికార్డు ప్రకారం ఆయనకి మూడు కళ్లలో శుక్లాలు తీశారు. ఏ గుమాస్తా అయినా నోరెత్తాడా? లేదు.

దారిలో పిల్లకి అంతా నేర్పాను. పేరు బిందుప్రియ, నాన్న పేరు సత్యారావు, అమ్మ పేరు కనకమహాలక్ష్మి, పుట్టిన తేదీ ఇది అని. పళ్లు బిగించుకునే అన్నీ తిరిగి అప్పజెప్పింది. తెలివైన పిల్ల, ఆ విషయంలో తండ్రి పోలిక రాలేదు.

కంపెనీ ఆసుపత్రిలో పన్నెండింటికి చేర్చుకుని రెండింటికి లోపలికి తీసుకెళ్లారు. సర్జన్ పేరు అపర్ణ. చిన్న వయసు. తెలుగువాళ్లమ్మాయే కానీ కంపెనీ క్వార్టర్లుండే సెక్టార్లలో పుట్టి పెరిగింది, మాట్లాడితే సగం హిందీ. "అంకుల్, బహుత్ సూజ్ గయా హై, బాగా వాచిపోయింది. పగలక ముందే తీసెయ్యాలి, వెయిట్ చెయ్యలేం" అని కాగితం ఇచ్చింది. తండ్రి సంతకం అన్నచోట నేను పెట్టాను.

ఒక్కటే ఇబ్బంది వచ్చింది. వార్డులో ఉండడానికి తల్లికొక్కదానికే పాసు ఇస్తారు. కార్డులో తల్లి కనకం. కాబట్టి కనకం మంచం పక్కన కూర్చుంది, కన్నతల్లి బయట బెంచీ మీద కూర్చుంది. "మేనత్తలూ పిన్నులూ నాలుగు దాటాకే" అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్. వాడి మీద గట్టిగా అరిచాను. వాడు చేసిన తప్పేమీ లేదు కానీ అరిచాను.

జూలై 6, ఆదివారం

మంచినీళ్లు తాగింది. నర్సు "బిందూ, బిందూ" అని రెండుసార్లు పిలిచినా పలకలేదు. మత్తు ఇంకా దిగలేదు అనుకుంది నర్సు.

జూలై 8, మంగళవారం

నూట రెండు జ్వరం.

పక్క మంచం మీది అమ్మాయి ఇవాళ ఇంటికి వెళ్లిపోయింది. దానిదీ అపెండిక్సే. అదే శనివారం, అదే డాక్టర్, అదే గది. వెళ్తూ వార్డంతా అరటిపళ్లు పంచారు. మా పిల్లకి కుట్లు ఎర్రబడి ఉబ్బాయి. నాకిచ్చిన అరటిపండు కిటికీలో పెట్టేశాను.

జూలై 9, బుధవారం

రెండు కుట్లు విప్పారు. చీము. పిల్ల నా చొక్కా చెయ్యి పట్టుకుని లాగింది, గుండీ ఊడిపోయింది. బయట అప్పలకొండకి ఆ కేక వినపడింది. లోపలికి రావడానికి ఇంకా నాలుగవలేదు.

జూలై 10, గురువారం

ఇవాళ ఆ డాక్టర్‌ని నిలదీశాను.

అరటిపళ్లు పంచినావిడ కనకంతో ఒక మాట చెప్పి వెళ్లిందట. "మా పిల్లకి కోసే ముందర సేతికి ఇంజక్షన్ ఇచ్చినారు. సీము పట్టకండా ముందే ఇత్తారట. మీ పిల్లకి ఇవ్వనేదా?" అందట. ఆపరేషన్ రోజు కనకం పక్కనే ఉండి చూసింది. మనదానికి ఇవ్వలేదు. ఏదో సీసా వేలాడదీశారు, అది సగం అవకుండానే మంచం తోసుకుపోయారు. రెండు రోజులుగా ఈ మాట కడుపులో పెట్టుకుని కూర్చున్నందుకు ముందు కనకం మీద అరిచాను, తర్వాత డాక్టర్ గదికి వెళ్లాను.

"పక్క మంచానికి ఇచ్చిన సూది మా మంచానికెందుకు ఇవ్వలేదు? మేం వర్కర్లమనా? ఆఫీసర్ల పిల్లలైతే ఇద్దురా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. కంపెనీకి రాస్తాను, పేపర్లో వేయిస్తాను, కోర్టుకి ఈడుస్తాను అన్నాను. కారిడార్లో జనం పోగయ్యారు. ఆవిడ కుర్చీలోంచి లేవలేదు. నేను ఆగేదాకా ఊరుకుని కేసు షీటు నా వైపు తిప్పింది.

"అంకుల్, అపెండిక్స్ తీసేవాళ్లందరికీ కొయ్యడానికి ముందు ఒక ఇంజక్షన్ ఇస్తాం. ఐదు నిమిషాల పని. బ్లేడ్ చర్మానికి తగిలే టైముకి మందు రక్తంలో ఉండాలి. తర్వాత వారం రోజులు ఇచ్చినా ఆ ఒక్క ముందు డోసు చేసే పని చెయ్యదు. ఇచ్చినా కొందరికి చీము పడుతుంది, నేను గ్యారంటీ ఇవ్వను. కానీ చాలా తగ్గుతుంది. మీ అమ్మాయికి నేను ఆ మందు ఇవ్వలేను. ఇది చూడండి."

షీటు మీద ఎర్ర అక్షరాలు. పెన్సిలిన్ ప్రమాదం అని. కార్డు మొదటి పేజీలో ఉన్నదే అందులోకి ఎక్కించారు. బిందుకి ఏడేళ్లప్పుడు గొంతు నొప్పికి సూది వేస్తే పెదాలూ కనురెప్పలూ వాచిపోయి ఊపిరి అందలేదు. అప్పటి డాక్టర్ దాన్ని బతికించి ఎర్ర ఇంకుతో రాశాడు.

"మేం ఇచ్చే మందు పెన్సిలిన్‌కి దగ్గర చుట్టం. ఇంత పెద్ద రియాక్షన్ అయినవాళ్లకి రిస్క్ తీసుకోలేం. వాళ్లకిచ్చే దూస్‌రా మందు గంటసేపు చుక్క చుక్కగా ఎక్కాలి. నాకు గంట లేదు. సగం ఎక్కగానే ఓపెన్ చేశాను. చెయ్యకపోతే లోపలే పగిలేది."

నేను కార్డు కేసి చూస్తూ నిలబడ్డాను.

"కార్డు చూసి ఊరుకోలేదు అంకుల్. టేబుల్ మీద పిల్లనే అడిగాను. ఏ మందైనా పడదా బేటా అంటే, పెన్సిలిన్ ఇస్తే పెదాలు వాస్తాయి మేడమ్ అంది."

వార్డుకి వచ్చి కనకాన్ని బయటికి పంపి సౌమ్యని అడిగాను, ఎందుకలా చెప్పావే అని. జ్వరంతో కళ్లు ఎర్రగా ఉన్నాయి. "మీరే కదా మావయ్యా బట్టీ యాద్ చేయించారు" అంది.

నేను చెప్పలేదు. పేరు చెప్పమన్నాను, పుట్టిన తేదీ చెప్పమన్నాను. జ్వరంలో ఉన్న పిల్ల ఏదో అంటుంది. శనివారం పేజీ తిప్పి చూశాను. ఆ రోజు నేర్పినవన్నీ వరసగా రాసే ఉన్నాయి. అందులో ఈ మాట లేదు.

జూలై 11, శుక్రవారం

చీము పరీక్ష రిపోర్టూ రక్తం రిపోర్టూ ఒకేసారి వచ్చాయి. ఇప్పుడిస్తున్న మందు చీముని ఆపడం లేదు సరికదా కిడ్నీల మీద పడుతోంది. ఆపెయ్యాలి. వేరే మందులు ఉన్నాయి కానీ రాయపూర్ నుంచి తెప్పించాలి, అవీ ఎంత పని చేస్తాయో చెప్పలేనంది డాక్టర్. "ఈ క్రిమికి సహీ మందు ఆ అల్మారాలోనే ఉంది అంకుల్. ఆ ఎర్ర రాత లేకపోతే ఇప్పుడే ఇచ్చేదాన్ని" అంది.

అల్మారా నాలుగడుగుల దూరంలో ఉంది. అద్దాల తలుపు. నేను దాన్నే చూస్తూ నిలబడి, సరే మేడమ్ అని వచ్చేశాను.

నన్నేం చెయ్యమంటారు? పోయిన ఏడాది మాతో పనిచేసే రాజేశ్ తన తోడల్లుడికి కార్డు ఇచ్చాడని సస్పెండ్ చేసి కూర్చోబెట్టారు. పద్నాలుగు నెలలైంది, ఇంకా ఎంక్వైరీ నడుస్తూనే ఉంది. నాకు రిటైర్మెంటుకి ఇంకా ఆరేళ్లుంది. బిందుకి చదువు అవలేదు. నేను నోరు విప్పితే కార్డు పోతుంది, ఉద్యోగం పోతుంది, కనకం షుగర్ మందులు పోతాయి. ఇదంతా ఎవరి వల్ల? ఆయుష్మాన్‌లో పేరెక్కించని నూకరాజు వల్ల. నిన్నటి నొప్పికి ఇవాళ ఫోన్ చేసిన అప్పలకొండ వల్ల. గంట ఆగలేని డాక్టర్ వల్ల.

జూలై 12, శనివారం

రేపు చెబుతాను.

జూలై 13, ఆదివారం

ఆదివారం డాక్టర్ రాదనుకున్నాను. వచ్చింది. పిల్ల దగ్గర అరగంట కూర్చుంది. నేను క్యాంటీన్‌కి వెళ్లాను.

జూలై 14, సోమవారం

అప్పలకొండ చెప్పేసింది. అసలు సంగతి కాదు. కానీ చెప్పేసింది.

నాలుగింటికి లోపలికి వచ్చింది. పిల్ల చెయ్యి పట్టుకుంటే కాలిపోతోంది. మేనత్త వేషం వేసి తొమ్మిది రోజులైంది దానికి. పిల్ల నోట్లోంచి "అమ్మా" అని వస్తే కనకం పలకాలి, ఇది పక్కన నిలబడి చూడాలి. డాక్టర్ వచ్చి నర్సుతో ఆ మందు ఇవ్వలేం, ఈ మందు ఇవ్వలేం అంటుంటే విని, ఒక్కసారిగా ముందుకొచ్చింది.

"పెన్సిలిన్ పడకపోడమేటి మేడమ్? మా ఇంటికొచ్చినప్పుడు జొరమొత్తే నానే ఏసాను ఆ గొట్టం మాత్తర్లు! ఎర్రవీ పచ్చవీ ఉంటాయి కదా, మెడికల్ సాపులో ఇత్తారు. రొండు పూటలు ఏత్తే తగ్గిపోద్ది. పోయిన సలికాలంలో కూడా ఏసాను. ఏటీ అవ్వనేదు దానికి!"

మామూలుగా అయితే డాక్టరమ్మ ఆ మాటకి తిట్టాలి, సందు కొట్టులో రెండు పూటల మందు కొని వెయ్యడం ఏమిటని. తిట్టింది కూడా. "అలా సగం సగం వేసే మందులు పాడు చేస్తున్నారు మీరంతా" అని. కానీ మొహం వెలిగింది. "కాప్సూల్ పేరు గుర్తుందా? ఎన్నిసార్లు? ఎప్పుడు?" అని మూడుసార్లు అడిగింది. అవీ పెన్సిలిన్ జాతి మాత్రలేనట, చిన్నప్పుడు పడని మందు పెద్దయ్యాక పడడం ఉంటుందట. చర్మం మీద పరీక్ష చేసింది, కాసేపాగి మరోటి చేసింది, తర్వాత కొద్దిగా మందు ఇచ్చి గడియారం చూసుకుంటూ రెండు గంటలు మంచం పక్కనే కూర్చుంది. వాపుకి విరుగుడు సూది ట్రేలో సిద్ధంగా పెట్టుకుని మరీ కూర్చుంది. నర్సుని కూడా కదలనివ్వలేదు.

ఏమీ అవలేదు. ఎందుకవుతుంది? సౌమ్యకి ఎప్పుడూ ఏమీ అవలేదు.

ఏడున్నరకి అల్మారా తలుపు తీసి పూర్తి మందు ఎక్కించారు. అప్పలకొండ గోడకి ఆనుకుని ఏడుస్తోంది. నాకు ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు నేను పళ్ల బిగువున దాచిన నిజంలో అది సగం చెప్పి కూతుర్ని బతికించుకుంది.

జూలై 16, బుధవారం

జ్వరం లేదు. ఇడ్లీ తింది, ఒకటిన్నర.

జూలై 17, గురువారం

అయిపోయింది. కిడ్నీ రిపోర్టు కూడా దారిలో పడింది. రేపు ఇంటికి పంపిస్తారు. పుండు మానేదాకా రోజు విడిచి రోజు డ్రెస్సింగుకి వస్తే చాలు.

డాక్టర్ నన్ను గదికి పిలిపించింది. మొన్న అరిచినందుకు క్షమాపణ చెప్పాలనే అనుకున్నాను, మాట రాలేదు. ఆవిడే నవ్వుతూ, "అంకుల్, ఖుష్ ఖబరీ. మీ అమ్మాయికి ఆ అలర్జీ లేదు. పన్నెండేళ్లుగా తప్పు రాత మోస్తోంది. తీసేశాను. ఇక ముందు ఎప్పుడు ఏ ఆపరేషన్ అయినా మంచి మందు ముందే ఇస్తారు, ఇలా అవదు" అంది. కార్డులో ఎర్ర అక్షరాల మీద అడ్డంగా గీత కొట్టి, కింద లేదు అని రాసి, సంతకం పెట్టి ముద్ర వేసింది. కంప్యూటర్లో కూడా మార్చేసింది.

థాంక్స్ మేడమ్ అన్నాను. పావుకిలో పేడాలు కొనుక్కొచ్చి వార్డులో పంచాను. వాచ్‌మన్‌కి రెండిచ్చాను. ఎవరి కొంపా మునగలేదు, ఎవరి ఉద్యోగమూ పోలేదు. పిల్ల బతికింది.

జూలై 18, శుక్రవారం

సౌమ్య ఇంటికి వెళ్లింది. ఖుర్సీపార్‌లో సందంతా వచ్చి చూసింది. నూకరాజు నా కాళ్లకి దణ్ణం పెట్టబోయాడు. తిట్టాను.

సరిగ్గా నిద్ర పట్టలేదు.

జూలై 19, శనివారం

బిందు రెండు రోజుల కోసం రాయపూర్ నుంచి వచ్చింది. సౌమ్యని చూడాలని.

కనకం బీరువాలో కార్డు పెడుతూ మొదటి పేజీ చూసింది. "ఏటండీ ఇది? గీత కొట్టీసినారేటి?" అంది. చెప్పాను. కాసేపు అర్థం కాలేదు దానికి. అర్థమయ్యాక మంచం మీద కూర్చుండిపోయింది. "సౌమ్యకి పడితే బిందుకి పడినట్టేటండీ?" అంది.

నోర్ముయ్యి అన్నాను. ఆ మాట నేను రెండు రోజులుగా అనుకోకుండా ఉండడానికి ఎంత కష్టపడుతున్నానో దానికేం తెలుసు. బిందు లోపలికి వచ్చింది. దానికీ చెప్పాల్సి వచ్చింది. "ఏం పర్లేదమ్మా. ఎక్కడికెళ్లినా నువ్వే చెప్పు, నాకు పెన్సిలిన్ పడదు అని. పెద్దదానివే కదా" అన్నాను.

బిందు ఆ గీత మీద వేలితో రాస్తూ, "హోష్‌లో ఉంటే చెప్తా పప్పా. స్పృహ లేకపోతే?" అంది.

జూలై 20, ఆదివారం

పవర్ హౌస్ దాకా వెళ్లి ఎర్ర పెన్ను కొన్నాను. పాత డాక్టర్ రాతని చూసి చూసి, కొట్టేసిన దాని కింద అదే మాట మళ్లీ రాశాను. బాగానే కుదిరింది. కనకానికి చూపించాను.

"కంపూటర్లో కూడా మీరే రాత్తారేటి?" అంది.

పెన్ను కిటికీలోంచి విసిరేశాను. తర్వాత కిందకి వెళ్లి వెతికాను, ఎవరి పిల్లలకైనా గుచ్చుకుంటుందని. దొరకలేదు.

బిందు సాయంత్రం బండికి వెళ్లిపోయింది. స్టేషన్లో సంచి నా చేతికివ్వకుండా తనే మోసుకుంది. రైలు కదిలాక కూడా దాని మొహం కిటికీలో కనిపిస్తూనే ఉంది. ఇంకో పదేళ్లకో ఇరవయ్యేళ్లకో ఏదో ఊళ్లో, ఎవరో మంచి డాక్టర్, మా అపర్ణ లాంటి డాక్టరే, కంప్యూటర్ చూసుకుని లేదు అని చదువుకుని, కొయ్యడానికి అరగంట ముందు ఐదు నిమిషాల సూది వేస్తుంది. మంచికే వేస్తుంది. చీము పట్టకూడదనే వేస్తుంది.

ప్లాట్‌ఫాం మీద ఉత్తినే నిలబడి ఎవరినో తిడుతున్నాను. పక్కన నిలబడ్డ ముసలాయన దూరంగా జరిగాడు.

జూలై 22, మంగళవారం

ఇవాళ సౌమ్యకి డ్రెస్సింగు ఉంది. నేనే తీసుకెళ్లాను. అప్పలకొండ కూడా వచ్చింది.

పుండు చూసి డాక్టర్ సంతోషపడింది. మానుతోంది, ఎర్రటి కండ వచ్చింది. నర్సు గుడ్డ కట్టి వెళ్లాక నేను తలుపు వేశాను. "మేడమ్, ఆ ఎర్ర రాత మళ్లీ పెట్టండి" అన్నాను.

"క్యోం? టెస్ట్ చేశాం కదా అంకుల్."

"టెస్ట్ చేసింది ఈ పిల్లకి. రాత మా పిల్లది."

అర్థమవడానికి ఆవిడకి కొంచెం టైము పట్టింది. ముందు సౌమ్యని చూసింది, తర్వాత అప్పలకొండని, తర్వాత కార్డులో రెండు జడల ఫొటోని. చేతిలో పెన్ను కింద పెట్టింది. అరుస్తుందనుకున్నాను, అరిస్తే బాగుండును. నాకు అలవాటైన భాష అదొక్కటే. ఆవిడ చాలా మెల్లగా మాట్లాడింది.

"అంటే ఆ రోజు ఈ అమ్మాయికి ఐదు నిమిషాల ఇంజక్షన్ ఇవ్వగలిగేదాన్ని."

అవునన్నాను.

"చీము, జ్వరం, కిడ్నీలు... పది రోజులు నేను ఇంటికెళ్లినా ఇదే ఆలోచించాను. ఇంకో పావుగంట ఆగి ఉండాల్సిందా, ఆగితే లోపల పగిలేదా అని. మీరు నా గదికొచ్చి కోర్టుకి ఈడుస్తానన్నారు."

అవునన్నాను. అప్పలకొండ మధ్యలో, "తప్పు మాది మేడమ్, అన్నియ్యది కాదు. పిల్ల కోసరం ఇచ్చినాడు" అని మొదలుపెట్టింది. దాన్ని ఆపాను.

"శుక్రవారం నాడు, అల్మారా చూపించాను కదా మీకు" అంది డాక్టర్. "అప్పుడైనా చెప్పొచ్చు కదా. మూడు రోజులు."

నేను కార్డు ఆవిడ ముందుకి జరిపాను.

పైకి రిపోర్టు చెయ్యక తప్పదంది, తనకి వేరే దారి లేదంది. చెయ్యండి అన్నాను. తెల్ల కాగితం ఇచ్చి జరిగింది జరిగినట్టు రాయమంది. ఏ రోజు, ఎవరి కార్డు, ఎవరు ఇచ్చారు. రాశాను. బిందు రికార్డులో ఎర్ర రాత నా కళ్ల ముందే కంప్యూటర్లో తిరిగి పెట్టింది, కార్డులో నేను రాసిన దొంగ రాత చూసి ఏమీ అనకుండా దాని పక్కన తన సంతకం పెట్టింది. అప్పుడు నా కాగితం తీసుకుని చదివింది. చదివి ఒక్కటి అడిగింది.

"పెదాలు వాస్తాయని పిల్లకి ఎవరు నేర్పారు? అది రాయలేదు మీరు."

ఆ కాగితం వెనక్కి తీసుకుని రాశాను. ఇక్కడ కూడా రాస్తున్నాను. నేనే నేర్పాను. ఆటోలో, టాటీబంద్ నుంచి వచ్చే లారీలు అడ్డం పడి ఆగిపోయినప్పుడు. కార్డు తెరిచి, ఇదిగో ఇది కూడా అడుగుతారు, పెన్సిలిన్ పడదని చెప్పు, పెదాలు వాస్తాయని చెప్పు, తేడా వస్తే అందరం జైలుకి పోతాం అన్నాను. పిల్ల నొప్పితో ఏడుస్తూ, "అది నిజం కాదు కదా మావయ్యా, నాకు పడుతుంది కదా" అంది. చెప్పమన్నది చెప్పవే అని అరిచాను. దాని మొహం మీద అరిచాను. ఆ శనివారం పేజీలో అన్నీ రాసి ఇదొక్కటీ రాయలేదు.

డాక్టర్ కొత్త కేసు షీటు తీసింది. ఈ అమ్మాయి పేరు మీద వేరే రికార్డు ఉండాలి, ఏ మందు ఇచ్చామో, ఏది పడిందో ఇక మీదట ఎక్కడికెళ్లినా తెలియాలి అంది. పెన్ను తీసి సౌమ్య వైపు తిరిగింది. ఆవిడ గొంతులో కోపం లేదు, పిల్ల మీద ఎందుకుంటుంది.

"నామ్ బతావో బేటా. నీ పేరేంటి?"

సౌమ్య నోరు తెరిచి, ఆగిపోయి, నా వైపు చూసింది. ఏ పేరు చెప్పమంటారు అన్నట్టు చూసింది.

పదిహేడేళ్ల పిల్ల. తన పేరు చెప్పడానికి నా అనుమతి కోసం ఆగింది. నేను తల వంచుకున్నాను. డాక్టర్ పెన్ను షీటులో ఖాళీగా ఉన్న పేరు గడి మీదే ఉంది.